స్క్రూడ్రైవర్ పడితే చదువు తరిగిపోదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేశారు. "అన్నా, మీరు కష్టపడి పైకొచ్చిన సంగతి రాయండి, మాకు స్ఫూర్తిగా ఉంటది" అన్నారు. పైకొచ్చిన కథలు ఈ సంచికలో ఎలాగూ నాలుగైదు ఉంటాయి. నేను సిగ్గుపడ్డ కథ ఒకటి చెప్తాను. దాని వెనక నాకొక అభిప్రాయం ఉంది. అది మీలో కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చనివాళ్లు వచ్చే సంచికలో జవాబు రాయాలని ముందే కోరుతున్నాను.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే, రేకు పెట్టె పక్కన చాప పరుచుకొని పెరిగాను. ఉద్యోగం వచ్చిన ఏడాది దసరాకు అమ్మకు ఒక మిక్సీ కొనిపెట్టాను. అంతకు ముందు మా ఇంట్లో ఉన్న యంత్రాలు రెండే: రోలు, రోకలి. మా వాడలో అదే మొదటి మిక్సీ. చుట్టుపక్కల వాళ్లు అల్లం, ఎల్లిగడ్డ గిన్నెలో వేసుకొని వచ్చి పట్టించుకొని పోయేవాళ్లు. అమ్మకు అదొక గొప్ప.

కొన్నేళ్లకు, ఒక సంక్రాంతి ముందు అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మిక్సీ సచ్చిపోయిందిరా. మినప్పప్పు ఏసి తిప్పుతాంటె గుర్రుమని ఆగిపోయింది" అంది. "పాతదైంది లేమ్మా, కొత్తది తెస్తా" అన్నాను. తెచ్చాను కూడా. అట్టపెట్టెతో ఇంట్లో అడుగుపెట్టేసరికి లోపల పాత మిక్సీ తిరుగుతున్న చప్పుడు. పక్కింటి పిల్లవాడు, పదో తరగతి తప్పి టౌన్లో మోటార్ వైండింగ్ షాపులో పని నేర్చుకుంటున్నవాడు, దాన్ని బోర్లించి కింద ఉన్న ఎర్ర మీట నొక్కాడట. అంతే, తిరిగింది.

"నువ్వు సదివింది కరెంటు సదువే గదరా?" అని అమ్మ అడిగింది. ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఎర్ర మీట గురించి నాకు తెలియదా అంటే తెలుసు. మోటారు మీద మోయలేనంత బరువు పడి, కరెంటు ఎక్కువ లాగి వేడెక్కినప్పుడు వైండింగ్ కాలిపోకుండా సర్క్యూట్‌ను తెంపే ఏర్పాటు అది. పరీక్షలో ఓవర్‌లోడ్ ప్రొటెక్షన్ మీద ప్రశ్న వస్తే నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ మా అమ్మ మిక్సీని బోర్లించి చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వెంటాడింది.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. ఆయన ఆరె, రంపె పట్టుకొని కూచుంటే ఊరు ఊరంతా ఆయన దగ్గరికి వచ్చేది గానీ, ఆయన్ని అరుగు మీద కూచోమన్నవాళ్లు లేరు. నన్ను హాస్టల్లో దింపిన రోజు గేటు దగ్గర ఒకటే మాట చెప్పాడు: "నా చేతిలో ఉన్నది నీ చేతిలో ఉండొద్దు బిడ్డా." మీలో చాలామందికి మీ నాయనో, అమ్మో ఇలాంటి మాటే చెప్పి ఉంటారు. ఆ మాట పట్టుకొనే మనం చదివాం. అంబేడ్కర్ 1936లో రాసిన 'కుల నిర్మూలన' చదివినవాళ్లకు, పని పేరు చెప్పి మనుషులకు మెట్లు ఎలా కట్టారో నేను వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాటను నేను తప్పుగా అర్థం చేసుకున్నాననిపిస్తుంది. మా నాయన వద్దన్నది పుట్టుకతో నెత్తిన పెట్టిన పనిని, కూలి ఇవ్వని పనిని, తలవంచి చేయాల్సిన పనిని. చేతిలోని నేర్పును ఆయన వద్దనలేదు. తెగిన చెప్పును ఒక్కసారి వేళ్లతో తడిమి ఎక్కడ కుట్టు పోయిందో చెప్పగలిగేవాడు. అది కూడా చదువే. నేను పనిముట్టుతో పాటు ఆ చదువును కూడా గేటు బయటే వదిలేసి వచ్చాను. పుస్తకం పట్టినవాడు పానా పట్టకూడదని ఎవరూ చెప్పకుండానే నమ్మాను.

పోయిన ఏడాది పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు వంటగదిలోకి వెళ్లాను. గ్రైండర్ మీద గోనెసంచి కప్పి ఉంది. బెల్టు తెగి రెండు నెలలైందని వంట అక్క చెప్పింది. అన్నాళ్లుగా పిండి, పచ్చళ్లు ఆమె, కామాటి కలిసి రోట్లో రుబ్బుతున్నారు. ఆమె మణికట్టుకు గుడ్డ కట్టుకొని ఉంది. పచ్చడి వారానికి రెండు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గింది. పెద్ద పొయ్యి మంట పసుపుపచ్చగా లేస్తోంది, గిన్నెల అడుగులన్నీ మసిబారి ఉన్నాయి. రిపేరు కాగితం పైకి పంపామని, మంజూరు రావాలని వార్డెన్ సారు అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయన జేబులోంచి పెట్టిన ఖర్చులు నాకు తెలుసు. కానీ ఆ వంటగదికి పది గజాల దూరంలో స్టడీ అవర్‌లో కూచున్న పదో తరగతి పిల్లలు విద్యుత్తు పాఠం బట్టీ పడుతున్నారు. పాఠానికీ పొయ్యికీ మధ్య ఉన్న ఆ పది గజాల గురించే నా వ్యాసం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంట్లో, హాస్టల్లో వాడే వంట సామాన్ల చిన్న చిన్న మరమ్మతులు, వాటిని కరెంటూ గ్యాసూ వృథా కాకుండా చూసుకునే పద్ధతులు ప్రతి హాస్టల్ విద్యార్థీ నేర్చుకోవాలి. ఆడపిల్లల హాస్టల్లోనూ, మగపిల్లల హాస్టల్లోనూ నేర్పాలి. ఐ.ఏ.ఎస్. కావాలనుకునేవాళ్లు కూడా నేర్చుకోవాలి.

వంటగదిలోనే సైన్సు ఉంది

కరెంటు కుక్కర్‌ను చూడండి. అన్నం ఉడకగానే మీట దానంతట అదే ఎలా పైకి లేస్తుంది? గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. నీళ్లు ఇంకిపోగానే గిన్నె అడుగు అంతకు మించి వేడెక్కుతుంది. కింద ఉన్న అయస్కాంతపు బిళ్ల ఆ వేడికి పట్టు కోల్పోతుంది, మీట వదులవుతుంది. పుస్తకాల్లో క్యూరీ ఉష్ణోగ్రత అని చదువుతామే, అదే ఇది. ఇది తెలిసినవాళ్లకు అన్నం అడుగంటుతుంటే ఏం చూడాలో తెలుస్తుంది. గిన్నెకూ ప్లేటుకూ మధ్య ఒక మెతుకు ఎండి అతుక్కున్నా వేడి సరిగా అందదు. ప్లగ్గు తీసి, చల్లారాక గుడ్డతో తుడిస్తే చాలు. దానికే కుక్కర్ పాడైందని పక్కన పడేసిన ఇళ్లు నాకు తెలుసు.

మిక్సీ ఆగితే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, జారులో సరుకు తగ్గించి, ఐదారు నిమిషాలు చల్లారనిచ్చి ఎర్ర మీట నొక్కాలి. మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే కింది కప్లర్ అరిగిందని అర్థం. తిరిగేటప్పుడు నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించి, ఆగి ఆగి నడిస్తే కార్బన్లు అరిగి ఉండవచ్చు. జారు అడుగు నుంచి నీళ్లు కారితే బుష్, వాషర్ పోయినట్టు. ఇవన్నీ తక్కువ ఖర్చుతో మారేవే. ఈ నాలుగు ముక్కలు తెలియకపోవడం వల్లే "మోటారు పోయింది, కొత్తది తీసుకోండి" అని షాపువాళ్లు అంటే మన అమ్మలు నోరెత్తకుండా డబ్బులిచ్చి వస్తున్నారు.

గ్యాస్ పొయ్యి మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా లేచి గిన్నెకు మసి పట్టిస్తోందంటే గ్యాసుకు తగినంత గాలి కలవడం లేదు, సగం సగం మండుతోంది. పొంగిన గంజి బర్నర్ రంధ్రాల్లో ఎండిపోయి ఉంటుంది, లేదా గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉంటుంది. సిలిండర్ కట్టేసి, బర్నర్ చల్లారాక తీసి, సబ్బునీళ్లతో కడిగి, సూదితో రంధ్రాలు తీసి, బాగా ఆరబెట్టి పెట్టాలి. గిన్నె మీద మూత పెట్టడం, పప్పును ముందే నానబెట్టడం, పొంగు రాగానే మంట తగ్గించడం కూడా నేర్చుకోవాలి. మంట ఎంత పెంచినా మరుగుతున్న నీళ్లు 100 డిగ్రీలు దాటవు. పెంచిన మంటంతా గిన్నె పక్కలనుంచి గాలిలోకి పోతుంది. ప్రెషర్ కుక్కర్లో ఆవిరి బంధించడం వల్ల వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టే పప్పు అంత తొందరగా ఉడుకుతుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చాక మన వాడల్లో చాలా ఇళ్లకు మొదటిసారి గ్యాస్ వచ్చింది. పొయ్యి వచ్చింది గానీ, పొయ్యిని ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లు రాలేదు.

ఫ్రిజ్ రోజంతా నడిచే వస్తువు. డోరు రబ్బరు మధ్యలో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే అక్కడ పట్టు లేదు, చల్లదనం బయటికి పోతోంది, కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటోంది. ముందు రబ్బరును సబ్బునీళ్లతో తుడిచి చూడాలి. చాలాసార్లు అంటిన జిడ్డే అసలు కారణం. వెనక గోడకు ఆనించకుండా ఖాళీ వదలాలి. వెనక జాలీ ఉన్న ఫ్రిజ్ అయితే ప్లగ్గు తీసి దుమ్ము దులపాలి. లోపల మంచు మందంగా పేరుకుంటే ఆపి కరగనివ్వాలి. కత్తితో గీకితే మాత్రం లోపలి గొట్టానికి చిల్లు పడి గ్యాసంతా పోతుంది. అప్పుడు చిన్న పని కాస్తా పెద్ద ఖర్చు అవుతుంది.

200 యూనిట్ల లెక్క

కరెంటు పొదుపు అంటే పట్నం వాళ్ల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. మీటరు 200 దాటిందంటే, దాటిన ఆ ఒకటి రెండు యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. అంటే 195 దగ్గర ఉన్న ఇంటికీ 205 దగ్గర ఉన్న ఇంటికీ తేడా పది యూనిట్లే గానీ, డబ్బుల్లో ఒక కుటుంబం రెండు మూడు రోజుల కూలి.

ఆ పది యూనిట్లు ఎక్కడ పోతున్నాయి? లెక్క వేయడం ఏడో తరగతి పిల్లలకు కూడా వస్తుంది. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. 500 వాట్ల మిక్సీ రోజుకు 10 నిమిషాలు తిప్పితే నెలకు రెండున్నర యూనిట్లు. 1500 వాట్ల నీళ్ల రాడ్ రోజుకు 20 నిమిషాలు పెడితే నెలకు 15 యూనిట్లు. 2000 వాట్ల కాయిల్ పొయ్యి రోజుకు అరగంట వెలిగిస్తే 30 యూనిట్లు. అంటే చప్పుడు చేసే మిక్సీ మీద మనం కోప్పడతాం గానీ, నిశ్శబ్దంగా వేడి చేసేవే ఎక్కువ తింటున్నాయి. వాటి తర్వాత రబ్బరు వదులైన ఫ్రిజ్. కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు నక్షత్రాలు ఒక్కటే చూడొద్దు. 2006లో ఈ నక్షత్రాల పద్ధతి మొదలైన తర్వాత కొలతలు చాలాసార్లు మారాయి. లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది, ఏ సంవత్సరపు లేబులో కూడా ఉంటుంది. ఆ రెండూ చదవండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీటరు రీడింగ్ పొద్దున, రాత్రి రాసిపెట్టుకొని ఒక వారం లెక్క తీయండి. మీ అమ్మకు మీరిచ్చే మొదటి సంపాదన అదే అవుతుంది.

ముట్టుకోకూడనివి

నేర్చుకోమన్నానని అన్నింటి మీదా చేయి వేయమని కాదు. ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్లే మంచి మెకానిక్‌లు.

ప్లగ్గు తీయకుండా ఏ వస్తువునూ విప్పొద్దు. స్విచ్ ఆపితే చాలదు. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవైన పిన్ను ఎర్తింగ్‌ది. అది విరిగిందనో, బోర్డుకు పట్టడం లేదనో తీసేసి వాడితే, షాక్ నుంచి కాపాడే దారిని మనమే మూసుకున్నట్టు. మైక్రోవేవ్ ఓవెన్‌ను విప్పనే వద్దు. ప్లగ్గు తీశాక కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండగలదు. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్-600ఏ అనే మండే గ్యాసు ఉంటుంది. గ్యాసు గొట్టాల పని శిక్షణ ఉన్నవాళ్లకే వదలాలి. కుక్కర్ సేఫ్టీ వాల్వ్ పోతే అదే కంపెనీది వేయాలి గానీ ఇంకేదో బిగించకూడదు. గ్యాస్ వాసన వస్తే లైటు వేయొద్దు, ఉన్న లైటు ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. లీకేజీ ఉందో లేదో చూడటానికి సబ్బునీళ్ల నురగ వాడాలి, అగ్గిపుల్ల కాదు.

ఇంకొకటి, ఇది మన హాస్టల్ గదుల సంగతి కాబట్టి పేరు పెట్టి చెప్తున్నాను. దొంగచాటుగా కాయిల్ హీటర్ మీద గుడ్లు ఉడకబెట్టుకునే అలవాటు మా రోజుల్లోనూ ఉంది. స్ప్రింగు తెగితే రెండు కొసలూ మెలిపెట్టి మళ్లీ వెలిగించేవాళ్లం. అదేదో ఘనకార్యం అనుకునేవాళ్లం. మెలిపెట్టిన ప్రతిసారీ తీగ పొడవు తగ్గుతుంది. పొడవు తగ్గితే నిరోధం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, గోడలోని సన్నని వైరు కాగుతుంది. ఓమ్ సూత్రం పదిసార్లు రాసిన చేతులతోనే ఆ పని చేశాం. మా గదిలో బోర్డు కాలి పొగ వచ్చిన రాత్రి ఎవరికీ ఏమీ కాలేదంటే అది మా తెలివి కాదు, అదృష్టం.

వెట్టి కాదా?

ఈ అభిప్రాయం మీద నాకొచ్చిన గట్టి అభ్యంతరం ఒకటుంది. నాతో పాటు ఇక్కడే చదివి ఇప్పుడు లెక్చరర్‌గా ఉన్న ఒక మిత్రుడు అన్నాడు: "హాస్టల్ పిల్లలతో రిపేర్లు చేయించడమంటే మళ్లీ వెట్టి కాదా? పెద్ద పెద్ద ప్రైవేటు స్కూళ్ల పిల్లలకు కోడింగ్, మనవాళ్లకు స్క్రూడ్రైవరా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయను. హాస్టల్ సామాను బాగుచేయించడం ప్రభుత్వ బాధ్యత. పిల్లలు చేస్తున్నారు కదా అని ఆ మంజూరును ఒక్క రూపాయి తగ్గించినా నేనే ముందు ధర్నాకు కూచుంటాను. పిల్లలను వంతులు వేసి పనికి పెడితే అది వెట్టే. నేర్పేవాడు పక్కన ఉండి, ఎందుకు పాడైందో చెప్పి, చేయి పట్టి చేయిస్తే అది ప్రాక్టికల్ క్లాసు. ఈ రెంటికీ తేడా ఎవరికీ తెలియనిది కాదు. ఇక కోడింగ్ కూడా కావాలి, తప్పకుండా కావాలి. రెండూ వద్దనుకోవడానికి మనకేం తక్కువ? విప్పి చూసి, తప్పు ఎక్కడుందో ఒక్కో మెట్టుగా వెతికే బుద్ధి రెండింటికీ ఒకటే.

పైగా ఇది బతుకుదెరువు కూడా. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్ ట్రేడ్‌లు రెండేళ్లవి. మార్కులు తక్కువ వచ్చాయని ఇంటికి వెళ్లిపోయే తమ్ముళ్లకు, పెళ్లి చేసేస్తామని పిలిపించుకునే చెల్లెళ్లకు ఆ దారి ఉందని ఇక్కడే తెలియాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న 'రైట్ టు రిపేర్' పేరుతో ఒక పోర్టల్ మొదలుపెట్టింది. కొన్న వస్తువును బాగుచేయించుకోవడం కొన్నవాళ్ల హక్కన్నది దాని వెనకున్న ఆలోచన. వారంటీలో ఉన్నదాన్ని కంపెనీ పట్టించుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. హక్కుల గురించి మాట్లాడటం మనకు కొత్త కాదు. ఇది కూడా ఒక హక్కే, దీన్నీ వాడుకుందాం.

ఏం చేద్దాం?

మాటలతో ముగించడం నాకిష్టం లేదు. నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, హాస్టల్‌కు ఒక మరమ్మతు పెట్టె. టెస్టర్, నాలుగు సైజుల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, మల్టీమీటర్, ఇన్సులేషన్ టేపు, బర్నర్ బ్రష్. తాళం వార్డెన్ సారు దగ్గర ఉండాలి.

రెండు, ఒక సామాను రిజిస్టరు. ఏ వస్తువు ఎప్పుడు వచ్చింది, వారంటీ ఎప్పటిదాకా, ఎప్పుడు శుభ్రం చేశారు, ఏం పాడైంది, కాగితం ఏ తేదీన పైకి పంపారు. రెండు నెలలుగా గ్రైండర్ ఆగి ఉందని నోటితో చెప్పడం వేరు, తేదీలతో చూపించడం వేరు.

మూడు, నెలకొక ఆదివారం రెండు గంటల క్లాసు, ఎనిమిదో తరగతి పైవాళ్లకు. ఇష్టమున్నవాళ్లకే. మనలో ఎలక్ట్రీషియన్లు, లైన్‌మెన్లు, ఇంజనీర్లు ఉన్నారు. నెలకొకరు వచ్చినా ఏడాదికి పన్నెండు మందే కావాలి.

నాలుగు, ఆ క్లాసులో వంట అక్క ముందు వరసలో కూచోవాలి. ఆ యంత్రాలతో రోజూ బతికేది ఆమె. ఏ చప్పుడు మారితే ఏం పాడవబోతుందో మనకన్నా ముందు ఆమెకే తెలుసు. ఆమె మాట విని నేర్చుకోవడం కూడా సిలబస్‌లో భాగమే.

మొదటి పెట్టె నేను కొనిస్తున్నాను. మొదటి క్లాసు కూడా నేనే తీసుకుంటాను. నాతో పాటు మా పక్కింటి ఆ పిల్లవాణ్ణి తీసుకొస్తాను. ఇప్పుడు వాడికి టౌన్లో సొంత షాపుంది. ఆ రోజు వేదిక మీద వాడికి నా పక్కన కుర్చీ వేయాలని హాస్టల్ కమిటీని కోరుతున్నాను. క్లాసు ఎక్కువ భాగం వాడే చెప్తాడు. నేను బోర్డు మీద బొమ్మలు వేస్తాను.

గ్రైండర్ సంగతి అడుగుతారేమో. ఆ రోజు సాయంత్రమే నేనూ, నలుగురు పదో తరగతి తమ్ముళ్లూ కలిసి టౌనుకు వెళ్లి, పాత బెల్టు చూపించి అదే నంబరుది తెచ్చి వేశాం. ప్లగ్గు తీయడం మరిచిపోబోతే నన్ను ఆపింది వాళ్లలో ఒకడే. మర్నాడు పొద్దున ఇడ్లీలోకి పల్లీ పచ్చడి వచ్చింది. వంట అక్క నాకు రెండు గరిటెలు ఎక్కువే వేసింది.

మా నాయన ఇప్పుడు లేడు. ఉంటే ఆ రోజు నల్లబడ్డ నా చేతులు చూసి ముందు బాధపడేవాడేమో. తర్వాత ఆ బెల్టును వేళ్లతో తడిమి, బిగువు సరిగ్గా ఉందో లేదో చెప్పేవాడు.

— ఒక పూర్వ విద్యార్థి